బీరు కొట్టంలో రాగ్నాకు సగం

నేను, కీర్తిశేషులు స్వేరె హౌగెన్ భార్యను, సున్నివ హౌగెన్ అనుదానను, హెల్లెదాల్ లోయలో ఏటి ఒడ్డున ఉన్న హౌగెన్ కమతంలో కాపురముంటున్నదానను, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా సొంత చేత్తో రాసుకుంటున్న మరణశాసనం ఇది. మతి సరిగా ఉందో లేదో డాక్టరమ్మ పోయిన వారమే పరీక్షించింది. ఇది ఏ సంవత్సరం అంది, దేశానికి ప్రధాని ఎవరంది. రెండూ చెప్పాను. ఆ ప్రధాని మీద నా అభిప్రాయం కూడా చెప్పాను గానీ అది ఆమె రాసుకోలేదు. తుంటి ఎముక విరిగిన మాట నిజమే. తుంటితో ఎవరూ వీలునామా రాయరు.

నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశపెట్టలేదు. నా కొడుకు ఈవర్ కొంచెం బతిమాలాడు. అది చట్టం దృష్టిలో నేరం కాదని విన్నాను.

స్వేరె చనిపోయిన ఏడు నేను రాసిన పాత వీలునామా బీరువాలో దుప్పట్ల కింద దొరికితే దాన్ని పొయ్యిలో వెయ్యండి. అందులో ఎవరికి ఏ ఆవు అని రాశాను. ఇప్పుడు మనకు ఆవులే లేవు.

౧. ఈ శాసనాన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురు సిన్నోవెకు అప్పగిస్తున్నాను. ఈవర్ ఎవరినీ కాదనలేడు, సిన్నోవె అనగలదు. చిన్నప్పుడు ఈ గుణం మీద దాన్ని చాలా తిట్టాను. ఇప్పుడు అదే పనికొస్తోంది.

౨. ఇల్లు, పశువుల కొట్టం, ఏటికి ఇవతల ఉన్న గడ్డినేల, కొండమీది వేసవి గుడిసె, అడవిలో మా వాటా, వీటన్నిటి మీదా సర్వహక్కులూ నా తదనంతరం నా కుమారుడు ఈవర్‌కు దఖలు పడతాయి. వాడు ఇక్కడే ఉండి ఇక్కడే చాకిరీ చేశాడు, ఎదురు మాట్లాడలేదు. పడమటి కిటికీలోంచి చలిగాలి వస్తోంది నాయనా. పాతికేళ్ళుగా చెబుతున్నాను. నేను పోయాకైనా బాగుచెయ్యి.

పై ఆస్తిలో ఏటిపక్కన ఉన్న బీరు కొట్టం చేరదు. దాని సంగతి అయిదో అంశంలో ఉంది. ఈవర్, నువ్వు దాన్ని పడగొట్టి యాత్రికులకు అద్దెగది కడదామనుకుంటున్నావని నాకు తెలుసు. గీయించిన పటం నువ్వు దాచిన చోటే, ఆ సొరుగులోనే నా మందులు కూడా ఉన్నాయి.

౩. సిన్నోవెకు మగ్గం, సముద్రపాయ ఒడ్డున పడవల కొట్టు, మా అత్తగారు బ్రీతమ్మ పెళ్ళిలో రొమ్మున గుచ్చుకున్న వెండి పిన్నుసూది. ఆ సూది కొక్కెం వదులు. పండగ బట్టలమీద పెట్టుకున్నప్పుడు వెనకాల దారం కట్టుకో. అత్తగారూ అదే చేసేది, నేనూ అదే చేశాను. బాగుచేయించాలని మా ఇద్దరిలో ఎవరికీ ఎందుకో తోచలేదు.

౪. ఇనుప అట్లపెనం, పువ్వుల అచ్చున్నది, నా పినతల్లి కూతురు ఓదిల్‌కు ఇస్తున్నాను. అది సిన్నోవె బాప్తిస్మం నాడు ఒక్కరోజుకని ఆమె పట్టుకెళ్ళింది. ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. ఇవాళ్టినుంచి అది ఎరువు సొమ్ము కాదు, బహుమతి. ఆమె మనశ్శాంతిగా అట్లు పోసుకోవచ్చు.

౫. బీరు కొట్టం. రాతిగోడలతో, మట్టికప్పుతో ఉన్న ఆ కొట్టమూ, అందులోని పెద్ద రాగి కాగూ, వడకట్టే తొట్టీ, పీపాలూ, మాల్టు ఆరబెట్టే చెక్కలూ, కొట్టం చుట్టూ గొడ్డలి విసిరితే పడేంత దూరంలో ఉన్న నేలా, కొట్టానికి వెళ్ళే కాలిబాటా, వీటిలో సగం నా మనవరాలు, ఈవర్ కూతురు యోరున్‌కు. మిగతా సగం ఏటి అవతలి స్తేనె కమతం అన్‌ఫిన్ కూతురు రాగ్నాకు. ఒకరి వాటాను ఒకరు విడదియ్యటానికి గానీ, మూడో మనిషికి అమ్మటానికి గానీ వీలులేదు.

ఇది చదవగానే మీరంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మనకు రక్తసంబంధం లేని మనిషికి మన కొట్టంలో సగమెందుకు అంటారు. అన్‌ఫిన్ ఈ ఇంటికి చేసిన పని సంగతి తెలిసీ ఇస్తోందా అంటారు పెద్దవాళ్ళు. తెలిసే ఇస్తున్నాను. మీకు తెలిసింది సగమే కాబట్టి మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కోర్టువారు అవసరం లేదనుకుంటే ఈ భాగం దాటవెయ్యవచ్చు.

నేను ఈ లోయ పిల్లను కాను. బయటి దీవుల్లోంచి వచ్చాను. మా నాన్న ప్రార్థనామందిరం పెద్ద. మా ఇంట్లో క్రిస్మస్ అంటే కాఫీ, కీర్తనలు. పెళ్ళయి వచ్చిన మొదటి క్రిస్మస్‌కి చూద్దును గదా, ఇక్కడ ఇంటింటా బీరు. ఎవరి బార్లీ వాళ్ళు మొలకెత్తించి, ఆరబెట్టి మాల్టు చేసుకుని, ఎవరి కాగులో వాళ్ళు కాచి, జూనిపర్ పొద కొమ్మల మీద వడకట్టి పీపాల్లో పోసుకుంటారు. పండగ మర్నాటినుంచి కొత్త సంవత్సరం దాకా ఊరంతా ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడుస్తుంది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ రంగులద్దిన కొయ్యగిన్నె బల్ల చుట్టూ తిరుగుతుంది. పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు తరవాత. ఇంటి యజమాని నిలబడే ఉంటాడు. గిన్నె తిరిగొచ్చాక అడుగున మిగిలింది ఆఖర్న తాను తాగి అప్పుడు కూర్చుంటాడు.

గిన్నె తిరిగొచ్చాక అందరూ మా అత్తగారి వైపు చూసేవాళ్ళు. బ్రీతమ్మ మాటంటే ఆ రోజుల్లో అంత. ఆమె బాగుందంటే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ క్రిస్మస్ దాకా తలెత్తుకు తిరిగేవాళ్ళు. పలచన అందంటే ఆ మాట గొర్రెలు కొండ దిగేదాకా నోళ్ళలో నానేది.

ఆ ఏడు స్తేనె వారింట్లో నేను బల్ల చివర, తలుపు పక్కన కూర్చున్నాను. కొత్త కోడలి చోటు అది. గిన్నె నా దాకా వచ్చింది. అప్పటికి నేను జీవితంలో తాగిన బీరంతా కలిపితే ఒక చెంబెడు ఉండదు. అయినా ఆ గుక్క దిగగానే నాకు తెలిసిపోయింది. వాన వెలిసిన సాయంత్రం గడ్డివాములో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంటుందే, అలా ఉంది. నేను గిన్నె పక్కవాళ్ళకిచ్చి తలెత్తేసరికి అత్తగారు అంటోంది:

“పలచన. కుండ కడిగిన నీళ్ళలా ఉంది.”

అన్‌ఫిన్ మిగిలింది తాగి గిన్నె బోర్లించాడు. అతను కూడా ఈ లోయవాడు కాదు. కనుమ అవతలినుంచి స్తేనె వారి అమ్మాయిని చేసుకుని ఇల్లరికం వచ్చాడు. ఆ అమ్మాయి రాగ్నాను కని పోయింది. మనిషి బిగుసుకుపోయినట్టుండేవాడు. ఎదురుపడితే పలకరించడు. తన గడ్డినేల మీదుగా అందరూ నడిచే అడ్డదారిని కంచె వేసి మూసేశాడు. ఊళ్ళో ఎవరికీ అతనంటే సరిపడేది కాదు.

ఆ తరవాత చలికాలంలోనే ఒకరోజు అత్తగారు పొయ్యికి వీపు పెట్టి కూర్చుని ఉన్ని ఏకుతోంది. ఆమె వెనకే పాలు పొంగి మాడిపోతున్నాయి. నేను పశువుల కొట్టంలోంచి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. ఆమె తాపీగా ఏకుతూనే ఉంది. నేను గిన్నె దించి, ఆమె ముందు నిలబడ్డాను.

“ఎన్నాళ్ళయింది అత్తయ్యా?”

ఏమిటని ఆమె అడగలేదు.

“నువ్వు రాకముందు జ్వరమొచ్చింది. పోతూ పోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది.”

“మీ అబ్బాయికి తెలుసా?”

“ఎవరికీ తెలీదు. నీకూ తెలీదు.”

“మరి బీరెలా కాస్తున్నారు?”

“చేతులు లేవూ? మోచెయ్యి ముంచితే నీళ్ళ వేడి తెలుస్తుంది. పీపాకి చెవి ఆనిస్తే పొంగు ఎందాకా వచ్చిందో తెలుస్తుంది. ముక్కు చచ్చింది గానీ నేను చావలేదుగా, పిల్లా.”

“ఇంటింటికీ వెళ్ళి తీర్పు చెబుతున్నారు కదా, అదెలా?”

“మొహాలు చూస్తాను. తాగాక నోరు ఏదైనా అంటుంది. మొదటి గుక్క దిగేటప్పుడు మొహం మాత్రం దాచలేదు.”

అప్పుడు నాకు అర్థమైంది. స్తేనె వారింట్లో ఆ రోజు అందరి మొహాలూ ముడుచుకునే ఉన్నాయి.

“వాళ్ళ మొహాలు అలా ఉన్నది బీరుకి కాదత్తయ్యా, మనిషికి,” అన్నాను. “అన్ని ఇళ్ళలోకీ అతని బీరే బాగుంది.”

“ఎంత బాగుంది?”

చెప్పాను. గడ్డివాము సంగతి కూడా చెప్పాను. ఆమె ఉన్ని ఒళ్ళో పెట్టుకుంది.

“అయితే ఆ మనిషికి అన్యాయం చేశాను,” అంది. “వచ్చే క్రిస్మస్‌కి సరిచేస్తాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే.”

ఆమె ఆ ఏడాదంతా ఆ మాట మరిచిపోలేదు. చావు భోజనాల్లో గానీ, గొర్రెలు కత్తిరించేటప్పుడు గానీ అన్‌ఫిన్ ప్రస్తావన వస్తే నా వైపు ఒక చూపు చూసేది.

మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. స్తేనె వారింటికి వెళ్ళాం. బల్ల మీద పొగబెట్టిన గొర్రె పక్కటెముకలు, పలచని రొట్టెలు, అన్నీ మర్యాదగానే ఉన్నాయి. నేలమాళిగలోంచి అన్‌ఫిన్ తానే గిన్నె నింపి తెచ్చాడు. మామూలుగా అందరికంటే పెద్దవాడు తోర్కెల్ తాతతో మొదలవుతుంది. అన్‌ఫిన్ తాతను దాటి వెళ్ళి గిన్నె అత్తగారి చేతిలో పెట్టాడు.

“బ్రీతమ్మా, ఈసారి గిన్నె కదలకముందే మీ మాట చెప్పండి,” అన్నాడు. “పక్కవాళ్ళు తాగేదాకా ఆగొద్దు. మీ నోటికి ఎలా ఉందో అదే చెప్పండి.”

ఆమె పక్కవాళ్ళ మొహాలు చూసి తీర్పు చెబుతోందని అతను కనిపెట్టాడు. మొహాలు చూసే వీలు లేకుండా చేశాడు. కానీ అత్తగారు బెదరలేదు. ఎందుకంటే ఆమె ఏం చెప్పాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వచ్చింది. గిన్నె ఎత్తి నిండుగా ఒక గుక్క తాగింది. అందరికీ వినపడేలా అంది:

“ఈ లోయలో నేను తాగిన వాటిలో ఇంత మంచి బీరు లేదు. పోయిన ఏడు నేనన్న మాట తప్పు.”

ఆమె పక్కనున్న తోర్కెల్ తాతకు గిన్నె అందింది. ఆయన దాన్ని మొహం దగ్గరకు తెచ్చుకుని ఒక్క క్షణం ఆగాడు. మీసాలు కదిలాయి. తరవాత తాగాడు. మీసం తుడుచుకున్నాడు.

“నిజమే. చాలా మంచి బీరు,” అన్నాడు.

ఆయన భార్య తాగింది. “మంచి బీరు,” అంది. మా ఆయన స్వేరె తాగాడు. తల ఊపాడు. గిన్నె చేతులు మారుతూ వచ్చింది. ఒక్కరి మొహంలోనూ ఏమీ లేదు, గోడలకు సున్నం వేసినట్టు అందరి మొహాలూ ఒకలాగే ఉన్నాయి. ఒక్కొక్కరూ తాగటం, బాగుందనటం, పక్కవాళ్ళకివ్వటం. ఆఖర్న నా దగ్గరకొచ్చింది. వాసనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎప్పటిదో ఆకురాలు కాలపు బీరు, పీపాలో వదిలేస్తే పూర్తిగా పులిసి సిర్కా అయిపోయింది.

నేనూ తాగాను. “మంచి బీరు,” అన్నాను.

గిన్నె అన్‌ఫిన్ చేతిలో పెట్టాను. అతను నిలబడి అందరినీ చూశాడు. ఎవరూ అతన్ని కోపంగా చూడటం లేదు. ఒక్క మాట అనటం లేదు. బ్రీతమ్మకు ముక్కు పోయిందని బల్ల చుట్టూ ఉన్న ప్రతి మనిషికీ తెలుసని, ఎన్నేళ్ళనుంచో తెలుసని, తనకొక్కడికే ఎవరూ చెప్పలేదని అతనికి ఆ నిమిషంలో తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం దాచుకున్నామనుకున్న రహస్యాన్ని ఊరంతా కలిసి దాస్తోంది.

అతను గిన్నె ఎత్తి అడుగున మిగిలిందంతా తాగాడు. మొహం చిట్లించలేదు. కూర్చోలేదు కూడా. నేలమాళిగలోకి దిగి, గిన్నె కడిగి, ఇంకో పీపాలోంచి నింపి తెచ్చాడు.

“పొరపాటున వేరే పీపా విప్పాను,” అన్నాడు. “ఇది తాగండి బ్రీతమ్మా.”

రెండోసారి గిన్నె తిరిగింది. ఈసారి తోర్కెల్ తాత మొహం విచ్చుకుంది. ఆయన భార్య కళ్ళు మూసుకుంది. ఆ మనిషంటే పడనివాళ్ళు కూడా పక్కవాళ్ళకివ్వటానికి గిన్నె వదల్లేకపోయారు. అత్తగారు ఒక్కొక్క మొహమే చూస్తూ కూర్చుంది. మొదటి గిన్నెకీ రెండో గిన్నెకీ తేడా ఆమె నాలిక చెప్పలేదు. వాళ్ళ మొహాలు చెప్పాయి.

మధ్యాహ్నమే చీకటి పడే రోజులు. స్వేరె లాంతరు పట్టుకుని ముందు నడుస్తున్నాడు. వంతెన దాటాక అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

“మొదటి గిన్నెలో ఏముంది?”

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఆమె నన్ను ముక్కుగా పెట్టుకుంది. ముక్కు అబద్ధమాడకూడదు.

“సిర్కా, అత్తయ్యా.”

“అందరూ తాగారా?”

“అందరూ.”

“తోర్కెల్ కూడానా?”

“తాతే ముందు.”

ఇంకాస్త దూరం నడిచాం.

“ఆయనకి అసలే కడుపులో పుండు,” అంది అత్తగారు. ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున ఆమె ఒక్కతే స్తేనె వారింటికి వెళ్ళింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆమె అతనికి ఏ మాట మొదట చెప్పిందో, అతను ఆమెను క్షమాపణ అడిగాడో లేదో తెలియదు. మధ్యాహ్నానికి వచ్చింది. శాలువాలో ఏదో పొదివి పట్టుకుంది. ఏమన్నాడు అని అడిగాను.

“నీకెందుకు?” అంది.

శాలువా విప్పితే గడ్డితో పేనిన చుట్టకుదురు. దాని పేటల మధ్య ఎండిన ఈస్టు. అన్‌ఫిన్ ఇంటి తోడు అది. అతను కనుమ అవతల తన పుట్టింటినుంచి, అంటే వాళ్ళమ్మ చేతులమీదుగా తెచ్చుకున్నది. అత్తగారు దాన్ని మన కొట్టంలో మన చుట్టకుదురు పక్కనే మేకుకు తగిలించింది. “ఇకనుంచి రెండూ కలిపి వేస్తాం,” అంది. “బీరు నువ్వే కాస్తావు. నేను పక్కన కూర్చుంటాను.”

ఆ వసంతంలో అన్‌ఫిన్ గడ్డినేల మీది కంచె తీసేశాడు. అడ్డదారిన ఇప్పటికీ మీరందరూ నడుస్తున్నారు. కంచె ఎందుకు వేశాడో, ఎందుకు తీశాడో మీలో ఎవరూ అడగలేదు.

ఆ తరవాత క్రిస్మస్‌లలో తీర్పు చెప్పడం అత్తగారు మానేసింది. అడిగితే, “మా కోడల్ని అడగండి,” అనేది. అందరి ఇళ్ళూ తిరిగొచ్చాక మాత్రం వంటింట్లో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని “చెప్పు” అనేది. ఎవరింటి బీరు ఎలా ఉందో నేను చెప్పాలి. బాగుంది, బాగాలేదు అంటే ఒప్పుకునేది కాదు. మాటలకోసం తడుముకునేదాన్ని. తోర్కెల్ తాతది పొగలో ఆరిన చేప తోలులా ఉందని, ఇంకొకరిది ఆపిల్ తొక్క గోటితో గిల్లినట్టు ఉందని ఏవేవో చెప్పేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని వినేది. కొన్నిటికి గుటక వేసేది. నేను చూశాను. ఆమె మంచాన పడ్డ చివరి క్రిస్మస్‌కి కూడా అడిగింది.

“అన్‌ఫిన్‌ది ఈసారెలా ఉంది?”

“ఆయన చెయ్యి మీకు తెలుసుగా అత్తయ్యా.”

“నాకెలా తెలుస్తుంది? నువ్వు చెబితేగా.”

చెప్పాను. సగంలోనే నిద్రపోయింది. మంచు కరగకముందే పోయింది.

స్వేరెకు మొదటినుంచీ తెలుసట. ఒకరోజు వలలు బాగుచేసుకుంటూ నాతో అన్నాడు. “అమ్మ గంజిలో ఉప్పు రెండుసార్లు వేసినప్పుడే తెలిసింది. అందరం తెలియనట్టు తిన్నాం.” మరి ఆమె తీర్పుకి ఎందుకు తలొగ్గారని అడిగాను. “రుచి మా నోటికి తెలుస్తూనే ఉంది కదా. అమ్మ అలా కూర్చుని చెబుతుంటే వినడం మాకు అలవాటు,” అన్నాడు. ఆ అలవాటు బయటినుంచి వచ్చినవాడి మెడకు చుట్టుకుందని మాత్రం ఈ లోయలో ఎవరూ అనుకోలేదు. అతనితో ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడి ఉంటే తెలిసేది. ఆమెకు ముక్కు పోయిందని అతనికి తెలిసి ఉంటే ఆ పీపా విప్పేవాడు కాదు.

అలాగని నేను అన్‌ఫిన్‌ను క్షమించానని రాయటం లేదు. ముసలామెను పదిమందిలో కూర్చోబెట్టి సిర్కా తాగించటం తప్పే. అతనికి జరిగిందీ తప్పే. ఒకదాన్ని పెట్టి ఇంకోదాన్ని కొట్టెయ్యలేకపోయాను. రెండూ నాతోనే ఉన్నాయి. ఇంత వయసొచ్చాక మోయటానికి పెద్ద బరువేం కాదు.

అతను వృద్ధాశ్రమంలో చేరాక నేను ప్రతి క్రిస్మస్‌కీ వెళ్ళేదాన్ని. అక్కడ మందు తేకూడదు. బీరుని కాఫీ ఫ్లాస్కులో పోసి పట్టుకెళ్ళేదాన్ని. నా బీరు ఈ లోయలో అందరూ మెచ్చుకుంటారు. నేను పెద్దదాన్నయ్యాను కాబట్టి మెచ్చుకుంటారు. అసలు మాట చెప్పే నోరు అతనిదొక్కటే ఉండేది. అతను మూతలో పోయించుకుని, తాగి, కిటికీలోంచి బయటికి చూసేవాడు.

“జూనిపర్ ఎక్కువైంది,” అన్నాడు ఒకసారి.

“ఎప్పుడూ వేసేంతే వేశాను.”

“ఎప్పుడూ ఎక్కువే వేస్తున్నావు, సున్నివా.”

దారిపొడుగునా తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. మరుసటి ఏడు తగ్గించి వేశాను. ఎంత బాగా కుదిరిందో. అది తాగేందుకు అతను లేడు. పీపా విప్పిన రోజున రాగ్నా వచ్చింది. తాగింది. గిన్నె రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. “ఇది మా నాన్నకి నచ్చేది పిన్నీ,” అంది. ఆ మనిషి తన నోట ఎప్పుడూ ఇవ్వని మెప్పు అది. కూతురి చేత పంపించాడనుకున్నాను.

సగం ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. ఈవర్, నువ్వు అలగకు. కొట్టంలో కాగు మనది. పొంగు సగం వాళ్ళది.

౬. తోడు. కొట్టంలో మేకుకు వేలాడుతున్న చుట్టకుదుర్లు, ఫ్రిజ్జులో సీసాల్లో ఉన్నది, ఎవరింటనైనా మన పేరు మీద ఉన్నది, ఇది నా ఆస్తి కాదు కాబట్టి ఎవరికీ రాయలేను. పట్నంలోని బీరు కంపెనీవాళ్ళు ఒకరు ఈవర్‌కు ఉత్తరాలు రాస్తున్నారు. హౌగెన్ వంశపు ప్రాచీన ఈస్టు అని సీసాల మీద అచ్చేస్తారట. అందులో సగం కనుమ అవతలి ఒక తల్లిదని, ఆమె పేరు కూడా మనకు తెలియదని వాళ్ళకు చెప్పండి. అప్పుడు కూడా కావాలంటే ఊరికే ఇవ్వండి. పేరు మాత్రం వెయ్యనివ్వకండి. తోడు అడిగిన వాళ్ళెవరినీ గుమ్మంలోంచి తిప్పి పంపకూడదు. మనకు పొంగు చచ్చిపోయిన ఏడు మనమూ ఎవరి గుమ్మంలోనో నిలబడాలి.

౭. యోరున్‌కు ఇంకొకటి. నీకు పదహారేళ్ళప్పుడు మొదటిసారి గిన్నె అందిస్తే తాగి, “నాన్నమ్మా, ఇందులో తడిసిన కుక్క వాసనుంది,” అన్నావు. మీ అమ్మ నిన్ను గిల్లింది. నిజంగానే ఉంది. ఆ ఏడు మాల్టు సరిగా ఆరలేదు. చెప్పింది నువ్వొక్కదానివే. నా గొర్రె ఉన్ని కోటు, బీరు కాచే రోజుల్లో వేసుకునేది, నీకు. ఉతకొద్దు. చేపలకు వెళ్ళినప్పుడు పడవ మీద వేసుకోవద్దు. రాగ్నా కొంచెం మొండిది, తండ్రి పోలిక. ఆమె జూనిపర్ తగ్గించమంటే తగ్గించు.

౮. నా అంత్యక్రియలకు కాఫీ మాత్రమే పొయ్యమని పాస్టరుగారు అంటారు. ఆయన మంచివాడు, బయటివాడు. ఎవరైనా వెళ్ళి నెమ్మదిగా చెప్పండి. చెప్పకుండా ఆయన వెనకాల నవ్వుకోవద్దు. తరవాత ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి బీరు తెచ్చి బల్ల మీద పెట్టండి.

౯. పై అంశాల్లో ఏదైనా చట్టానికి కుదరకపోతే ఆ ఒక్కటే తీసెయ్యాలి గానీ మిగతావి చెల్లుతాయి. ఈ శాసనాన్ని ఎవరైనా ఎదిరిస్తే వారికి రావలసిన వాటా తగ్గదు. నేను అలాంటి మనిషిని కాను. సిన్నోవె వాళ్ళతో మాట్లాడుతుంది. అది చాలు.

ఈసారి నడవలేను కదా, అందరం మీ ఇంటికే గిన్నెలు పట్టుకొస్తాం అన్నారు ఊళ్ళోవాళ్ళు. వద్దన్నాను. ఎవరి బీరు వాళ్ళ పొయ్యి పక్కనే తాగాలి. ఈవర్ మంచుబండి బయటికి తీసి గొర్రెతోళ్ళు పరిచాడు. తోసేందుకు యోరున్ చేతులకు తొడుగులు వేసుకుని నిలబడింది. వెలుతురు ఇంకాసేపే ఉంటుంది. ఎనిమిది ఇళ్ళు తిరగాలి. తిరిగొచ్చాక రాసింది ఏ కోర్టులోనూ చెల్లదు కాబట్టి, బయల్దేరే ముందే ఇక్కడ సంతకం చేస్తున్నాను.

హౌగెన్, హెల్లెదాల్. డిసెంబరు ఇరవై ఏడు, రెండువేల పన్నెండు.

(సంతకం) సున్నివ హౌగెన్

పై సంతకం ఆమె మా ఇద్దరి ఎదుట, మాటలో చూపులో ఏ తేడా లేకుండా, తన ఇష్టంతో చేసినదని సాక్ష్యం ఇస్తున్నాము. ఈ శాసనం వల్ల మాకు వచ్చేదేమీ లేదు.

సాక్షులు:
హాల్దిస్ ముర్స్‌తాద్, లోయ గ్రంథాలయం
తోర్‌గిల్స్ అఫ్‌దాల్, పాల సహకార సంఘం